ఎస్‌వీజీలో బొమ్మను మసకబార్చాలంటే ఏది మేలు: ఒపాసిటీయా, గ్రేడియంటా, మాస్కా?

కోడ్ రాసి గీసే ఎస్‌వీజీ (పిక్సెళ్లతో కాక ఆకారాల లెక్కలతో నడిచే వెక్టర్ ఫైల్) బొమ్మలో ఒక భాగాన్ని సగం కనబడేలా చేయడానికి నాలుగైదు దారులున్నాయి. తెల్లటి నేపథ్యం మీద ఒక్క ఆకారాన్ని పెట్టి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. ఒక ఆకారం ఇంకోదాని మీదికి ఎక్కినప్పుడు, వెనక ఫొటో వచ్చినప్పుడు, ఫైల్ ప్రెస్‌కి వెళ్లినప్పుడు అసలు తేడా బయటపడుతుంది. అందుకే ఏ ఆట్రిబ్యూట్ (ఆకారం ట్యాగ్‌లో రాసే గుణం) రాయాలో తేల్చుకునే ముందు రెండు సంగతులు చూసుకోవాలి: మసకబారేది ఒక ఆకారమా, కొన్నిటి గుంపా? దాని వెనక ఉన్నది మారుతుందా, మారదా?

ఒపాసిటీ, ఫిల్-ఒపాసిటీ

రెండు నీలి వృత్తాలను కొంత ఒకదాని మీద ఒకటి పడేలా గీసి, ఒక్కోదానికి ఫిల్-ఒపాసిటీ (లోపల నింపిన రంగు ఎంత నిండుగా ఉండాలో చెప్పే విలువ; 1 అంటే పూర్తిగా, 0 అంటే కనబడదు) 0.5 ఇవ్వండి. రెండూ కలిసిన చోట రంగు ముదురుగా వస్తుంది. పై వృత్తం వెనక ఉన్నదాన్ని సగమే కనబడనిస్తుంది, కింది వృత్తం అందులో మళ్లీ సగమే. నేపథ్యంలో మిగిలేది 25 శాతం, అంటే అక్కడ రంగు 75 శాతం పట్టుకుంది. వెన్ చిత్రానికి కావలసింది సరిగ్గా ఇదే. మేఘం బొమ్మకు మాత్రం ఇది పనికిరాదు, వృత్తాల అతుకులన్నీ కనిపించిపోతాయి.

మేఘానికైతే వృత్తాలన్నిటినీ ఒక గ్రూప్‌లో పెట్టి, గ్రూప్‌కి ఒపాసిటీ 0.5 రాయాలి. బ్రౌజర్ ముందు గ్రూప్ మొత్తాన్ని విడి పొర మీద గీసి, ఆ తర్వాత పొరను ఒకేసారి పలచన చేస్తుంది. అతుకులు కనబడవు. అదే గ్రూప్‌కి ఫిల్-ఒపాసిటీ రాస్తే అతుకులు పోవు. ఆ విలువ వారసత్వంగా పిల్లలకు, అంటే లోపలి ఆకారాలకు దిగి, ఒక్కో వృత్తానికీ విడిగా పడుతుంది. ఒపాసిటీ అలా దిగదు. పేర్లు దగ్గరగా ఉన్నా పని వేరు, ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

అంచు గీత ఉన్న ఆకారంలోనూ ఇదే చిక్కు. గీత మందం 10 అనుకుంటే, పాత్‌కు (ఆకారపు హద్దు గీతకు) లోపలివైపు 5, బయటివైపు 5 పడుతుంది. ఫిల్-ఒపాసిటీ, స్ట్రోక్-ఒపాసిటీ (అంచు గీతకు అలాంటిదే) రెండూ 0.5 ఇస్తే లోపలి సగం నింపిన రంగు మీద పడి ముదురుగా, బయటి సగం లేతగా, అంచు రెండు చారలుగా కనిపిస్తుంది. ఆ ఆకారానికే ఒపాసిటీ 0.5 ఇస్తే చారలు పోతాయి.

తెలుగు అక్షరాలను పాత్‌లుగా మార్చి వాడేవాళ్లు దీన్ని మరింత గమనించాలి. వత్తు, గుణింతం గుర్తు, మూలాక్షరం విడివిడి పాత్‌లుగా వచ్చి ఒకదానికొకటి తగిలితే, ఫిల్-ఒపాసిటీ ఇవ్వగానే తగిలిన చోటల్లా ముదురు మచ్చలు తేలతాయి. పదాన్నంతా గ్రూప్ చేసి ఒపాసిటీ ఇవ్వండి. లేదా అన్నిటినీ ఒకే పాత్‌గా కలపండి, కానీ అప్పుడు ఫిల్-రూల్ (పాత్‌లో ఏది లోపలో తేల్చే నియమం) నాన్‌జీరో అయి ఉండాలి. ఈవెన్ఆడ్ ఉంటే తగిలిన చోట మచ్చకు బదులు చిల్లు పడుతుంది.

క్రమంగా మాయమవ్వాలంటే: గ్రేడియంట్

ఒకే రంగు ఆకారం ఒక చివర నిండుగా ఉండి రెండో చివరకు కరిగిపోవాలంటే లీనియర్ గ్రేడియంట్ చాలు, మాస్క్ దాకా వెళ్లక్కర్లేదు. రెండు స్టాప్‌లు (గ్రేడియంట్‌లో రంగు, ఒపాసిటీ చెప్పే చోట్లు) పెట్టి, రెండిటికీ అదే స్టాప్-కలర్ రాసి, మొదటిదానికి స్టాప్-ఒపాసిటీ 1, రెండోదానికి 0 ఇవ్వండి. రెండో స్టాప్‌లో రంగుకు బదులు ట్రాన్స్‌పరెంట్ అని రాశారో, మధ్యలో మురికి బూడిదరంగు వస్తుంది. ఆ మాటకు అర్థం పూర్తిగా పారదర్శకమైన నలుపు. ఎస్‌వీజీ గ్రేడియంట్ రంగును, పారదర్శకతను విడివిడిగా కలుపుతుంది కాబట్టి సగం దారిలో సగం నలుపు తేలుతుంది. సీఎస్ఎస్ (వెబ్ పేజీలకు రూపమిచ్చే భాష) గ్రేడియంట్ ముందే రంగును పారదర్శకతతో గుణించి కలుపుతుంది. అందుకే అక్కడ పనిచేసిన కిటుకు ఇక్కడ పనిచేయదు.

రెండే స్టాప్‌లుంటే ఇంకో లోపం. మసక మొదలైన చోట, ముగిసిన చోట సన్నటి గీత ఉన్నట్టు కంటికి తోస్తుంది. అయిదు స్టాప్‌లు పెట్టండి: 0 శాతం దగ్గర ఒపాసిటీ 1, 25 దగ్గర 0.84, 50 దగ్గర 0.5, 75 దగ్గర 0.16, 100 దగ్గర 0. ఆ గీత మెత్తబడిపోతుంది. మరీ పలచని నీడను మరీ పొడవుగా సాగదీసినా చారలు వస్తాయి. తెలుపు మీద నలుపు 0.1 నుంచి 0కి 1000 పిక్సెళ్ల మేర కరగాలంటే, 8 బిట్ స్క్రీన్‌లో (ఒక్కో రంగుకు 256 మెట్లు) దొరికే మెట్లు 25 మాత్రమే. ఒక్కో మెట్టు 40 పిక్సెళ్ల వెడల్పు పట్టీగా కనబడుతుంది. మసకను పొట్టి చేయడమే మందు.

అడ్డంగా గీసిన తిన్నని గీతకు గ్రేడియంట్ ఇస్తే గీతే కనిపించకుండా పోవడం కూడా మామూలే. గ్రేడియంట్ కొలతలు అప్రమేయంగా ఆకారపు బౌండింగ్ బాక్స్‌ను (ఆకారం సరిగ్గా ఇమిడే పెట్టెను) పట్టుకుంటాయి. తిన్నని గీతకు ఆ పెట్టె ఎత్తు సున్నా. గ్రేడియంట్‌యూనిట్స్‌ను యూజర్‌స్పేస్‌ఆన్‌యూజ్ అని మార్చి, నిరూపకాలు అసలు అంకెల్లో ఇస్తే గీత తిరిగొస్తుంది.

మాస్క్ ఎప్పుడు తప్పదు?

కరగాల్సింది ఫొటో అయినా, పది రంగుల గుంపు అయినా, కింద ప్రతిబింబం వేయాల్సి వచ్చినా గ్రేడియంట్ ఒక్కటే సరిపోదు. డెఫ్స్‌లో (నేరుగా గీయకుండా, తర్వాత వాడుకోవడానికి పెట్టే భాగంలో) మాస్క్ పెట్టి, దాని లోపల తెలుపు నుంచి నలుపుకు వెళ్లే గ్రేడియంట్‌తో నింపిన దీర్ఘచతురస్రం గీయండి. గ్రూప్‌కు మాస్క్ ఆట్రిబ్యూట్‌లో దాని ఐడీ ఇవ్వండి. తెలుపు ఉన్నచోట బొమ్మ కనబడుతుంది, నలుపు ఉన్నచోట పోతుంది. మాస్క్ చూసేది వెలుగును: ఎరుపుకు 0.2125, ఆకుపచ్చకు 0.7154, నీలానికి 0.0721 వంతు. అందుకే మాస్క్‌లో తెలుపుకు బదులు చిక్కటి నీలం పెడితే బొమ్మ దాదాపు మాయమైపోతుంది.

మాస్క్ పెట్టగానే అంతా ఖాళీ అయితే ముందు కొలతలు చూడండి. మాస్క్ పరిధి అప్రమేయంగా బౌండింగ్ బాక్స్ లెక్కలో, లోపలి బొమ్మ మాత్రం మామూలు యూనిట్లలో ఉంటుంది. లోపలి దీర్ఘచతురస్రానికి వెడల్పు 1 అని రాస్తే పూర్తి వెడల్పు అనుకుంటాం, అక్కడ అది ఒక్క యూనిట్. బొమ్మ కదులుతూ మసక కదలకుండా ఉండాలంటే మాస్క్‌ను బయటి గ్రూప్‌కి, ట్రాన్స్‌ఫార్మ్‌ను లోపలి గ్రూప్‌కి ఇవ్వాలి. రెండూ ఒకే గ్రూప్‌కి ఇస్తే మాస్క్ కూడా బొమ్మతోపాటే నడుస్తుంది.

క్లిప్‌పాత్‌ను దీనికి బదులుగా వాడదామని చూడకండి. అది కత్తెర లాంటిది. లోపల ఎంత ఒపాసిటీ రాసినా పట్టించుకోదు.

మసక అంచుకు గాసియన్ బ్లర్ ఫిల్టర్ వాడొచ్చు, నీడలకు అదే బాగుంటుంది. ఫిల్టర్ పరిధి మాత్రం అప్రమేయంగా బొమ్మకు నలువైపులా 10 శాతమే ఉంటుంది, చిన్న బొమ్మకు పెద్ద బ్లర్ ఇస్తే అంచు కత్తిరించినట్టు ఆగిపోతుంది. స్టాండర్డ్ డీవియేషన్‌కు (బ్లర్ ఎంతో చెప్పే విలువకు) మూడింతలు ప్రతివైపూ ఖాళీ వదలండి. పైగా ఇంక్‌స్కేప్ (ఎస్‌వీజీ గీసే సాఫ్ట్‌వేర్) నుంచి పీడీఎఫ్ తీస్తే ఫిల్టర్ ఉన్న భాగం పిక్సెళ్లుగా మారుతుంది, వెక్టర్‌గా మిగలదు. కేవలం కరిగిపోవడానికైతే ఫిల్టర్ దండగ.

అసలు పారదర్శకతే లేకుండా

వెనక ఒకే రంగు ఉండి, అది మారదని తెలిస్తే పలచని రంగును ముందే లెక్కగట్టి నిండుగా వేసేయడం అన్నిటికన్నా భద్రం. ఎరుపు 21, ఆకుపచ్చ 101, నీలం 192 ఉన్న రంగును తెలుపు మీద 40 శాతం వేస్తే వచ్చేది 161, 193, 230. ఒక్కో అంకెను 0.4తో గుణించి, 255లో 0.6 వంతు, అంటే 153 కలిపితే సరి. పీడీఎఫ్/ఎక్స్-1ఏ (ముద్రణకు), పీడీఎఫ్/ఏ-1 (భద్రపరచడానికి) ప్రమాణాల్లో పారదర్శకతకు చోటే లేదు. ప్రెస్‌వాళ్లు అలాంటి ఫైల్ అడిగితే ఈ లెక్కే నిలుస్తుంది. పీడీఎఫ్/ఎక్స్-4 అయితే ఆ బెంగ లేదు.

యాండ్రాయిడ్ వెక్టర్ డ్రాయబుల్‌కు (యాండ్రాయిడ్ యాప్‌లలో వాడే వెక్టర్ బొమ్మ ఫైల్‌కు) మార్చేవాళ్లకూ ఇదే మేలు. అక్కడ మాస్క్ లేదు, గ్రూప్‌కు ఆల్ఫా (ఒపాసిటీకి అక్కడి పేరు) లేదు. పాత్‌కు ఫిల్‌ఆల్ఫా, స్ట్రోక్‌ఆల్ఫా, మొత్తం బొమ్మకు ఒక ఆల్ఫా, అంతే. గ్రేడియంట్‌లో పారదర్శకత రంగులోనే ఇవ్వాలి. వెబ్‌లో 8 అంకెల హెక్స్ (పదహారు ఆధారంగా రాసే) రంగుకు చివరి రెండు అంకెలు పారదర్శకత, యాండ్రాయిడ్‌లో మొదటి రెండు. అలాగే నకలు కొట్టి అతికిస్తే పారదర్శకతతోపాటు రంగు కూడా మారిపోతుంది.