56 ఏపీఓకు పార్శిళ్లు, ఉత్తరాలు: విశాఖ నుంచి కొన్నేళ్లుగా పంపుతున్న అనుభవంతో

మా తమ్ముడు సైన్యంలో హవల్దారు. వాడు ఫీల్డు ఏరియాకు వెళ్లినప్పుడల్లా గాజువాకలోని మా ఇంటి నుంచి పొడులు, పిండివంటలు, ఉత్తరాలు వెళ్తుంటాయి. వండేది అమ్మ. కట్టేది, చిరునామా రాసేది, పోస్టాఫీసుకు మోసేది నేను. వాడు లడఖ్ వైపు ఉన్నప్పుడు 56 ఏపీఓకు (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు), ఈశాన్యంలో ఉన్నప్పుడు 99 ఏపీఓకు పంపాను. ఇన్నేళ్ల అనుభవం మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సైనిక తపాలాను నిశ్చింతగా నమ్మవచ్చు. నిదానంగా వెళ్తుంది, సగం దారిలో జాడ తెలియదు, అయినా చేరుతుంది. ఆ నిదానాన్ని తట్టుకునే వస్తువులు పంపాలి, ఆ నిదానాన్ని తట్టుకునే ఉత్తరాలు రాయాలి. మిగతాదంతా ఈ రెండింటి గురించే.

మొదటిసారి పంపేవాళ్లకు ఆ చిరునామాయే వింతగా ఉంటుంది. అందులో ఊరు ఉండదు, జిల్లా ఉండదు, రాష్ట్రం ఉండదు. సైనికుడి నంబరు, హోదా, పేరు, కంపెనీ, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ, చివర 9తో మొదలయ్యే పిన్ కోడు. మన పిన్ కోడ్లలో మొదటి అంకె 9 సైనిక తపాలాకే కేటాయించారు. 56 ఏపీఓ అని రాసినవన్నీ ఢిల్లీలోని సెంట్రల్ బేస్ పోస్టాఫీసుకు, 99 ఏపీఓ అని రాసినవి కోల్‌కతాలోని బేస్ పోస్టాఫీసుకు చేరతాయి. అంతవరకూ మోసుకెళ్లేది మామూలు తపాలా శాఖే. అక్కడి నుంచి ఏ యూనిట్ ఎక్కడుందో తెలిసినవాళ్లు సంచులు కట్టి, విమానాల్లో, సైనిక వాహనాల్లో ఫీల్డు పోస్టాఫీసులకు పంపుతారు. అలా యూనిట్‌కు, యూనిట్ నుంచి మనవాడి చేతికి. ఆర్మీ పోస్టల్ సర్వీసు 1972 మార్చి 1న సైన్యంలో విడి విభాగంగా (కోర్‌గా) ఏర్పడింది. అందులో పనిచేసేవారిలో ఎక్కువమంది తపాలా శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వెళ్లినవారే. మన వీధిలో ఉత్తరాలు పంచే శాఖ మనుషులే యూనిఫాం వేసుకుని మంచుకొండల్లోనూ అదే పని చేస్తున్నారని తెలిసినప్పుడు నాకు వాళ్ల మీద గౌరవం రెట్టింపైంది.

ప్రైవేటు కొరియర్ల దగ్గరకు వెళ్లి సమయం వృథా చేసుకోకండి. గాజువాకలోనూ, ద్వారకానగర్‌లోనూ అడిగి చూశాను. ఊరు పేరు లేని చిరునామా తీసుకోలేం అన్నారు. వాళ్ల తప్పు కూడా కాదు, వాళ్ల మనుషులు వెళ్లగలిగే చోటు కాదది. పోస్టాఫీసు ఒక్కటే దారి.

అక్కడా ఒక్కోసారి కౌంటరు దగ్గర చిక్కు వస్తుంది. కొత్తగా చేరిన ఒక ఉద్యోగి, "ఊరు రాయకపోతే ఎలాగమ్మా, కనీసం జిల్లా అయినా రాయండి" అని పట్టుబట్టారు. అలా అన్నప్పుడు మాత్రం మెత్తబడవద్దు. లేహ్ అనో, తవాంగ్ అనో రాస్తే ఆ పార్శిల్ సివిల్ తపాలాలో పడి ఆ ఊరి పోస్టాఫీసుకు పోతుంది, అక్కడ మీ వాడిని ఎవరు వెతుకుతారు? పైగా ఏ యూనిట్ ఎక్కడుందో పెట్టె మీద బహిరంగంగా రాయడమే తప్పు. అందుకే కదా ఆ నంబర్ల ఏర్పాటు. "పిన్ కోడు కొట్టి చూడండి, కంప్యూటరే చెబుతుంది" అని నెమ్మదిగా చెప్పాను. ఆయన కొట్టారు, 56 ఏపీఓ అని తెర మీద వచ్చింది, పని అయిపోయింది.

ఇక సర్వీసు విషయం. చాలాకాలం రిజిస్టర్డ్ పార్శిల్‌లోనే పంపేదాన్ని. అక్నాలెడ్జిమెంటు కార్డు మీద యూనిట్ ముద్ర, ఎవరిదో సంతకం పడి నెలన్నరకో రెండు నెలలకో తిరిగి వచ్చేది. అమ్మ ఆ కార్డులన్నీ పంచాంగంలో పెట్టి దాచుకుంది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. అప్పటి నుంచి స్పీడ్ పోస్టే. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి ఉత్తరాలు, పత్రాల ధరలు మారాయి. ఊరి బయటకు 50 గ్రాముల వరకు 47 రూపాయలు, జీఎస్టీ అదనం. పార్శిళ్లకు బరువును బట్టి వేరే లెక్క. ఓటీపీ చెబితేనే అందజేసే సదుపాయం కూడా అప్పుడే వచ్చింది, అది కావాలా అని కౌంటరులో అడుగుతారు. ఏపీఓ చిరునామాకు అది వద్దనండి. సిగ్నలే లేని చోట ఓటీపీ ఎవరికి వస్తుంది?

స్పీడ్ అన్న పేరు చూసి రోజులు లెక్కపెట్టుకోవద్దు. విశాఖ నుంచి ఢిల్లీ దాకా మాత్రమే ఆ వేగం. ట్రాకింగులో మన పోస్టాఫీసు, తర్వాత బస్తా బయలుదేరినట్టు, తర్వాత ఢిల్లీ బేస్ పోస్టాఫీసుకు చేరినట్టు వరుసగా కనిపిస్తాయి. ఆ తర్వాత ఏమీ కనిపించదు. కొత్తలో ఆ మౌనం చూసి నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు అలవాటైంది. వేసవిలో రెండు వారాల్లో చేరినవి ఉన్నాయి. చలికాలంలో లడఖ్ దారిలోని జోజి లా కనుమ మూసుకుపోయి, వాతావరణం బాగాలేక విమానాలు ఆగినప్పుడు నెల దాటినవీ ఉన్నాయి. తమ్ముడు యూనిట్ మారిన కొత్తలో ఒక పెట్టె పాత యూనిట్‌కు వెళ్లి, అక్కడి నుంచి కొత్త చోటికి మళ్లించగా చేరింది. పెట్టె మూలలు నలిగాయి, పైన మూడు రకాల ముద్రలు, లోపల సరుకు భద్రం. బదిలీ మాట చెవిన పడగానే పార్శిల్ ఆపి, కొత్త చిరునామా వచ్చేదాకా ఉత్తరాలతో సరిపెట్టడం మంచిది.

ఏం పంపాలన్న దానికి నా సమాధానం ఒక్కటే: అన్నంలోకి పొడులు. బట్టలు, బూట్లు, చలి సామాను సైన్యమే ఇస్తుంది, మనం కొనే స్వెటరు ఆ చలికి ఆనదు. ఎత్తు ప్రదేశాల్లో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి ప్రెషర్ కుక్కరు లేకుండా పప్పు ఉడకదు, అన్నం పలుకుగా ఉంటుంది. లంగరులో, అంటే సైనికుల వంటశాలలో, రొట్టె, రాజ్మా, పప్పు వేళకు పెడతారు, కాని మన నాలుకకు కావలసింది వేరు. కందిపొడి, కరివేపాకు కారం, నువ్వుల పొడి, నల్ల కారం. ఇవి చెడవు, గడ్డకట్టవు, పగలవు, తేలిక. అమ్మ కందిపొడిని ఎండలో ఆరబెట్టిన పళ్లెంలో పూర్తిగా చల్లారనిచ్చి, చేతికి ఏ మాత్రం వెచ్చదనం తగలకుండా ఉన్నప్పుడే కవర్లోకి ఎత్తుతుంది. మన విశాఖ గాలిలో ఉన్న చెమ్మ అంతా ఇంతా కాదు. వెచ్చగా ఉండగానే మూతపెడితే లోపల ఆవిరి పట్టి పొడి ముద్దకడుతుంది. పావుకిలో చొప్పున చిన్న పొట్లాలుగా కట్టండి. వాడు ఒక్కడే తినడు కదా. వాడి బారక్‌లో ఒక గఢ్వాలీ, ఒక శ్రీకాకుళం కుర్రాడు ఉన్నారు, ఆ గఢ్వాలీ సోదరుడు రొట్టెలో నెయ్యి, కందిపొడి పెట్టుకుని చుట్ట చుట్టి తింటాడట. ఇప్పుడు ఆయన వాటా వేరే పొట్లం, పేరు రాసి మరీ కడుతుంది అమ్మ.

తీపిలో అరిసెలు, సున్నుండలు, మాడుగుల హల్వా, తాండ్ర. విజయనగరం జిల్లా భీమాళి మామిడి తాండ్రకు నేను మొదటి స్థానం ఇస్తాను. నూనె కారదు, విరగదు, త్వరగా పాడుకాదు. సున్నుండలు ఆ చలికి నెయ్యి గడ్డకట్టి రాయిలా అవుతాయి. బుఖారీ (గది వెచ్చబరిచే పొయ్యి) దగ్గర కాసేపు పెడితే మళ్లీ మెత్తబడతాయని వాడే చెప్పాడు. జంతికలు, చేగోడీలు వెళ్తాయి, కాని గట్టి డబ్బాలో ఖాళీ లేకుండా సర్దాలి, లేకపోతే పొడి చేరుతుంది. బొబ్బట్లు, కోవా, కొబ్బరితో చేసినవి వద్దే వద్దు. పూతరేకులైతే అడుగడుగునా బస్తాలు మారే ఈ ప్రయాణంలో మిగలవు.

ఆవకాయ లేకుండా మన పార్శిల్ ఏమిటి అంటారు, నిజమే. పంపవచ్చు, కాని శ్రద్ధ కావాలి. గాజు సీసా వద్దు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో అంచు దాకా నింపకుండా వేలెడు ఖాళీ వదలాలి. మూత కింద పలుచని ప్లాస్టిక్ కాగితం పెట్టి బిగించి, మూత చుట్టూ టేపు వేసి, డబ్బాను రెండు కవర్లలో ఒకదాని తర్వాత ఒకటి ముడివేయాలి. దాన్ని పాత దినపత్రికల్లో చుట్టి పెట్టె మధ్యలో నిలబెట్టాలి, చుట్టూ పొడుల పొట్లాలు దిండ్లలా ఆనుకోవాలి. నూనె ఒక్క చుక్క బయటికి వచ్చినా పక్కవాళ్ల ఉత్తరాలు పాడవుతాయి. ఆ ఉత్తరం కోసం ఏ తల్లి కొడుకో ఎదురుచూస్తుంటాడు. నాకు ఇది అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త.

పెట్టెకు టేపు వేశాక పైన తెల్ల గుడ్డ వేసి కుట్టే పాత పద్ధతి నేను మానలేదు. దబ్బనంతో పురికొస పోసి దగ్గర దగ్గరగా కుడతాను. అట్టపెట్టె తడిసినా, మూల చిరిగినా గుడ్డ సరుకును పట్టి ఉంచుతుంది. చిరునామా నీటికి చెదరని మార్కరుతో రాయాలి. అదే చిరునామా ఒక కాగితం మీద రాసి పెట్టె లోపల కూడా వేయాలి. లైటర్లు, అగ్గిపెట్టెలు, సెంటు సీసాలు, స్ప్రే డబ్బాలు, పవర్ బ్యాంకులు పెట్టవద్దు. విమానంలో ఎక్కే తపాలాకు అవి నిషేధం.

నౌకాదళం వారి పద్ధతి వేరు. మల్కాపురంలో మాకు తెలిసిన పిన్నిగారి అబ్బాయి ముంబై కేంద్రంగా ఉన్న ఓడలో పనిచేస్తున్నాడు. ఆమె ఓడ పేరు రాసి, కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీసు, ముంబై అని పంపుతారు. తూర్పు నౌకాదళ ఓడలకు విశాఖలోనే ఫ్లీట్ మెయిల్ ఆఫీసు ఉంది. ఓడ సముద్రం మీద ఉన్నంతకాలం తపాలా ఎదురుచూడవలసిందే కాబట్టి ఆమె కూడా పొడులకే ఓటు వేస్తారు.

ఇక ఉత్తరాలు. ఫోన్లు వచ్చాక ఉత్తరమెందుకని చాలామంది అడుగుతారు. ఫోను కలిసిన ఆ నాలుగు నిమిషాల్లో "తిన్నావా, నాన్నగారు ఎలా ఉన్నారు, సెలవు దొరికిందా" అన్నవే అయిపోతాయి. ఉత్తరంలో అలా కాదు. అమ్మ ఇన్‌ల్యాండ్ లెటర్ తీసుకుందంటే మూడు మడతలూ నిండిపోయి, అంచుల వెంట నిలువుగా కూడా రాస్తుంది. చేపల రేవులో వంజరం ధర, మునగచెట్టు కొమ్మ విరిగి ఎదురింటి గోడ మీద పడటం, దానికి వాళ్లు ఏమన్నారు, అమ్మ ఏమంది, చివరికి ములక్కాడలు ఎవరికి ఎన్ని వెళ్లాయి. తమ్ముడికి కావలసింది సరిగ్గా ఇదే. శ్రీకాకుళం కుర్రాడికి ఆ ముక్కలు పైకి చదివి వినిపిస్తాడట. ఆ అబ్బాయికి తల్లి లేదు. అది తెలిసిన దగ్గర నుంచి అమ్మ ప్రతి ఉత్తరం చివరా, "బాబూ, నువ్వు కూడా వేళకు తిను" అని అతనికీ ఒక వాక్యం రాస్తోంది.

ఇన్‌ల్యాండ్ లెటర్ ధర ఇప్పటికీ రెండున్నర రూపాయలే, పోస్టు కార్డు అర్ధ రూపాయే. దేశంలో ఇంత తక్కువకు ఇంత దూరం వెళ్లేది మరొకటి నాకు తెలియదు. ఇన్‌ల్యాండ్‌లో ఏమీ పెట్టకూడదు. ఫొటోలు, పిల్లలు వేసిన బొమ్మలు పంపాలంటే అయిదు రూపాయల కవరు వాడండి, 20 గ్రాముల లోపు చూసుకోండి. పార్శిల్‌లో ఉత్తరం పెట్టినా, ఉత్తరాన్ని విడిగా కూడా పంపుతూ ఉండండి. పెట్టె ఆలస్యమైనా ఈలోగా ఏదో ఒకటి చేతికి అందుతుంది.

ఉత్తరాలు రాసిన వరుసలో చేరవు. అందుకే పైన తేదీతో పాటు వరుస సంఖ్య వేస్తాం. 14 కన్నా ముందు 15 వస్తే, మధ్యలో ఒకటి దారిలో ఉందని వాడికి తెలుస్తుంది. జ్వరాలు, డబ్బు ఇబ్బందులు, ఇంట్లో మాట పట్టింపులు రాయం. మనం రాసిన జ్వరం వారంలో తగ్గిపోతుంది, చదివేవాడికి మాత్రం అది ఆ రోజే మొదలవుతుంది. అలాంటివి ఫోనులో చెప్పుకోవాలి. ఎక్కడున్నావు, ఎటు కదులుతున్నారు అని అసలు అడగకూడదు.

పండుగలకు అందాలంటే తొందరపడాలి. సంక్రాంతి అరిసెలు డిసెంబరు మొదటి వారంలోనే బయలుదేరాలి. రాఖీ అయితే కనీసం నెల ముందు. రాఖీల కోసం తపాలా శాఖ ఏటా నీటికి తడవని కవర్లు అమ్ముతుంది, తప్పక అవే కొనండి. మీ ఇంటివాళ్లు కాకపోయినా ఏదో ఒక సైనికుడికి పంపాలనుకునేవారు, పేరు లేకుండా ఏపీఓకు పెట్టె వేయవద్దు, అది ఎవరికీ చెందకుండా పోతుంది. నగరంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మేలు.

తపాలా శాఖను నేను కోరేది ఒక్కటి ఉంది. బేస్ పోస్టాఫీసు తర్వాత ఊళ్లు, దారులు చూపించలేరు, చూపించకూడదు కూడా. కాని పెట్టె మనిషి చేతికి చేరిన రోజు ట్రాకింగులో "అందజేశాం" అన్న ఒక్క మాట తప్పకుండా కనిపించేలా చేయాలి. ఆ మాట ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. వాడి ఫోను వచ్చేదాకా మా అమ్మ ప్రతి సాయంత్రం నన్ను ఆ నంబరు కొట్టి చూడమంటూనే ఉంటుంది.