డ్రిల్లుకి ఆగర్ తగిలించి ఎర్రమట్టిలో గోతులు: చాలాకాలం వాడాక నా మాట

కార్డ్‌లెస్ డ్రిల్లుకి ఆగర్ బిట్టు (మట్టిని తవ్వి పైకి తెచ్చే, మెలికల రెక్కలున్న పెద్ద బిట్టు) బిగించి మొక్కలకీ కంచెకీ గోతులు తియ్యొచ్చా అని అడిగేవాళ్లకి నా జవాబు: తియ్యొచ్చు. అయితే ఆ పని సాగేదీ సాగనిదీ డ్రిల్లు కన్నా ఎక్కువగా మట్టిలో తడి మీద ఉంటుంది. షాపులో ఈ సంగతి ఎవరూ ఎత్తరు, వోల్టులు మాత్రం వల్లిస్తారు.

మాకు వైజాగ్ దగ్గర ఆనందపురం వైపు కొంచెం స్థలం ఉంది. అంతా ఎర్రమట్టే. వానలు పడ్డాక పార దిగిందే తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో అదే నేల మీద గునపం వేస్తే ఖంగుమంటుంది. ఆ ఎండల్లో ఆగర్ పెడితే పైన మట్టిని గీకి ఎర్రటి పొడి చేస్తుందే తప్ప కిందకి పోదు. మోటారు వేడెక్కుతుంది, బ్యాటరీ కరిగిపోతుంది, మనకి చిరాకు మిగులుతుంది. ముందురోజు సాయంత్రం గుర్తు పెట్టిన ప్రతిచోటా చిన్న గుంట చేసి బకెట్టు నీళ్లు పోసి వదిలేస్తే, మర్నాడు పొద్దున్న అదే డ్రిల్లు అదే చోట వెన్నలో దిగినట్టు దిగుతుంది. జోరున కురిసిన వెంటనే మాత్రం వద్దు. మట్టి బంకలా ఆగర్ రెక్కల మధ్య పట్టేసి, ప్రతి గోతికీ పుల్లతో గీకుకోవాల్సి వస్తుంది. వాన వెలిసి ఒకటి రెండు రోజులు ఆరాకే దీనికి అసలు అదను.

సామాను సంగతి. డ్రిల్లు 18 వోల్టుల బ్రష్‌లెస్, 13 మి.మీ. చక్ (బిట్టుని పట్టి బిగించే మూతి), పక్కన పట్టుకునే హ్యాండిల్ ఉన్నది. 5 ఆంపియర్-అవర్ బ్యాటరీలు రెండు. కొన్ని డబ్బాల మీద 20 వోల్టులు అని రాసి ఎక్కువ ధర చెబుతారు, దానికి మోసపోనక్కర్లేదు. లోపల ఉండేవి వరసగా కలిపిన అవే ఐదు లిథియం సెల్లులు. ఒక్కోటి 3.6 వోల్టుల లెక్కన 18, ఛార్జి నిండుగా ఉన్నప్పటి సుమారు 4 వోల్టుల లెక్కన 20. ఆగర్ బిట్లు మూడు సైజులు కొన్నాను: 3, 4, 6 అంగుళాలు.

ఈ ఆలోచన నాకు వచ్చింది మంచు మీద చేపలు పట్టేవాళ్ల వీడియోలు చూసి. మిన్నెసోటాలోనూ కెనడాలోనూ చలికాలం సరస్సులు గడ్డకడితే ఇలాంటి డ్రిల్లుకే మంచు ఆగర్ బిగించి, 6, 8 అంగుళాల కన్నాలు పొడిచి అందులోంచి గాలం వేస్తారు. అంత మంచులో దిగేది మన మట్టిలో దిగదా అనిపిస్తుంది. కానీ ఆ లెక్క ఇక్కడికి రాదు. మంచు ఆగర్ అడుగున పదునైన బ్లేడు ఉండి మంచుని పలచగా చెక్కుకుంటూ పోతుంది. దారి పొడవునా ఒకటే పదార్థం. ఆ బ్లేడుని మట్టిలో పెడితే మొదటి గులకరాయికే పదును పోతుంది. మట్టి ఆగర్‌కి మధ్యలో మొన, పక్కన మొరటు పళ్లు ఉంటాయి, చెక్కడం కన్నా పెకలించడం దాని పని. అందుకని అక్కడ 8 అంగుళాలు తిప్పే డ్రిల్లు ఇక్కడ 6 అంగుళాలకే మూలుగుతుంది.

6 అంగుళాల బిట్టు గురించి అందుకే గట్టిగా చెబుతున్నాను. 3 అంగుళాల గొయ్యితో పోలిస్తే తియ్యాల్సిన మట్టి నాలుగింతలు. పైగా పళ్లు మధ్య నుంచి ఇంకా దూరంగా తిరుగుతాయి కాబట్టి మోటారు మీద పడే బరువు అంతకన్నా ఎక్కువే. మా నేలలో బాగా తడి ఉంటే తప్ప అది నడవలేదు. 4 అంగుళాలదే రోజువారీ పనికి సరైనది. పెద్ద గొయ్యి కావాలంటే 3 అంగుళాల కన్నాలు మూడు పక్కపక్కన పొడిచి మధ్య మట్టిని గునపంతో రాల్చేస్తాం. సిమెంటు స్తంభాల కంచె అంతా అలాగే వేశాం.

డ్రిల్లుని ఒకటో గేరులో పెట్టాలి, నిమిషానికి 500 చుట్ల లోపు తిరిగే గేరు అది. క్లచ్ రింగు (ఎంత బిగువు దాకా తిప్పాలో పెట్టుకునే రింగు) డ్రిల్లు గుర్తు మీద ఉండాలి, లేకపోతే కాస్త బిగిసినప్పుడల్లా కటకటమని జారుతుంది. దెబ్బలు కొడుతూ తిప్పే హ్యామర్ మోడ్ ఆపెయ్యాలి. ఒక్క దెబ్బలో కిందదాకా నొక్కకుండా, నాలుగైదు అంగుళాలు దిగాక పైకి లాగి మట్టి దులిపి మళ్లీ దించాలి.

ఇక భయపడాల్సింది ఒకటి ఉంది. బిట్టు రాయికో వేరుకో పట్టేసి ఆగిపోతే మోటారు ఆగదు, డ్రిల్లు బాడీ ఎదురుదిక్కుకి గిర్రున తిరుగుతుంది. మణికట్టు మడతపడటానికి అర సెకను చాలు. మా స్థలంలో హుద్‌హుద్‌ తుఫానుకి (2014 అక్టోబరు) పడిపోయి మళ్లీ చిగిర్చిన జీడిమామిడి చెట్లున్నాయి. వాటి వేర్లు ఎటు పాకాయో పైకి కనబడదు. పక్క హ్యాండిల్ లేకుండా ఆగర్ తిప్పొద్దు. బిట్టు పట్టేసినప్పుడు హ్యాండిల్ తొడకి ఆనేలా నిలబడితే దెబ్బ చేతి మీద పడదు. జర్క్ వస్తే తనంతట తానే ఆగిపోయే డ్రిల్లులు ఇప్పుడు దొరుకుతున్నాయి. కొత్తగా కొనేవాళ్లు బ్యాటరీ సైజు కన్నా ముందు అది చూసుకోండి.

ఇరుక్కున్న బిట్టుని రివర్సులో తియ్యాలి. చక్ మూసుకునే పళ్ల లోపల అడుగున ఎడమ మర స్క్రూ (ఎడమవైపు తిప్పితే బిగిసేది) ఒకటి ఉంటుంది. అది బిగిసి లేకపోతే రివర్సులో చక్ మొత్తం ఊడి బిట్టుతో సహా గోతిలో ఉండిపోతుంది. అప్పుడప్పుడు స్క్రూడ్రైవరు పెట్టి చూస్తూ ఉండండి.

బ్యాటరీ విషయంలో మంచు దేశాల వాళ్ల కష్టమూ మన కష్టమూ తలకిందులు. చలికి వాళ్ల బ్యాటరీ నీరసపడుతుందని కోటు లోపల దాచుకుంటారు. మనం ఎండలో నిలిపిన కారులోంచి తియ్యాలి. వేడెక్కిన బ్యాటరీని పెడితే ఛార్జరు ఎర్రలైటు వేసి కూర్చుంటుంది, చల్లారేదాకా ఎక్కించదు. నేను ఒకటి వాడుతూ రెండోది మామిడి చెట్టు కింద తడిగుడ్డ కప్పిన చెక్కపెట్టెలో ఉంచుతాను. గుడ్డ పెట్టెకే, బ్యాటరీకి కాదు.

మా తోటపని చూసే మావయ్యకి ఇది మొదట్నుంచీ నచ్చలేదు. "ఏటి బాబూ, రాయి తగిల్తే ఇదేటి సేస్తాది?" అనేవాడు. నిజమే, రాయి తగిలితే గునపానిదే పని. కొబ్బరికీ మామిడికీ తీసే మీటరు లోతు, మీటరు వెడల్పు గోతులు ఈ డ్రిల్లుతో తియ్యాలనుకోవడం కూడా వృథా ప్రయాస. కానీ పాలిథిన్ కవరు మొక్కలు వరసగా నాటేటప్పుడు, బంతి నారు పెట్టేటప్పుడు, పెద్ద చెట్ల కొమ్మల అంచు కింద ఎరువు వెయ్యడానికి చుట్టూ అడుగు లోతు కన్నాలు తీసేటప్పుడు ఇప్పుడు ఆయనే "ఆ మరబొంగరం తెండి బాబూ" అంటున్నాడు. నడుం వంచక్కర్లేకపోవడం ఆయన వయసుకి చిన్న సంగతి కాదు.

వైజాగ్‌లో ఏ ఇనుముకైనా పట్టేదే దీనికీ పట్టింది. ఆగర్ మీది రంగు మొదటి వానాకాలానికే పోయింది, ఆ తర్వాత తుప్పు. పని అయ్యాక కడిగి, ఆరబెట్టి, ఇంజిన్ ఆయిల్ గుడ్డతో తుడిస్తే సరిపోతోంది. డ్రిల్లు గాలి కన్నాల్లో చేరే ఎర్రదుమ్ముకి మాత్రం బ్లోయర్ తప్పదు.

6 అంగుళాల బిట్టు భీమిలి దగ్గర తీరాన ఇల్లున్న మా తోడల్లుడికి ఇచ్చేశాను. వాళ్లది ఇసుక. పొడిగా ఉంటే గోడలు కూలి గొయ్యి నిలవదు గానీ తడిపి తీస్తే అక్కడ అది బాగానే ఆడుతోందట.