డల్లాస్ దగ్గర లో-లైట్ పిస్టల్ క్లాస్: ఓ చేతిలో గన్ను, ఓ చేతిలో టార్చి

పోయిన నెల డల్లాస్ దగ్గర ఒక ఇండోర్ షూటింగ్ రేంజ్‌లో ఈ క్లాస్ చేశా, నాలుగు గంటలు, రేంజ్ పేరు చెప్పను, ఎందుకో కిందకొస్తే తెలుస్తుంది. గన్ను కొని మూడేళ్ళయింది, లైట్లున్నప్పుడు ఏడు గజాల్లో గుళ్ళు బానే పడతాయి, చీకట్లో ఒక చెయ్యి టార్చికి పోతే ఏంటి సంగతి అనేదే నా డౌటు.

ముందు గన్నూ టార్చీ కలిపి పట్టుకునే పద్ధతుల్లో హ్యారీస్ అనేది నేర్పారు. టార్చి చెయ్యి గన్ను చెయ్యి కిందనుంచి పోనిచ్చి రెండు చేతుల వెనకవైపులు ఒకదానికొకటి ఆనించి గట్టిగా నొక్కిపట్టాలి, గన్ను కుదురుగా నిలిచేది ఆ నొక్కుడు వల్లే. ఇక్కడ జాగ్రత్త ఏంటంటే గన్ను పూర్తిగా ముందుకు చాచాకే టార్చి చెయ్యి రావాలి, తొందరపడితే మన చెయ్యే గొట్టం ముందుకొచ్చేస్తుంది. పది నిమిషాలకే నా భుజం పట్టేసింది, పట్టు సడలగానే వెలుగు ఒకవైపు గన్ను ఒకవైపు.

ఎఫ్‌బీఐ పద్ధతిలో టార్చి ఒంటికి దూరంగా, పక్కకి పైకి ఎత్తిపట్టాలి, ఎదుటోడు వెలుగుని చూసి కాల్చినా మనకి తగలకూడదని. ఐడియా బానే ఉంది కానీ గన్ను సైట్లు, అంటే గురి చూసుకునే గుర్తులు, కనపడితే ఒట్టు. రోజర్స్ అని ఇంకోటుంది, చిన్న టార్చిని చుట్టలా వేళ్ళ మధ్య ఇరికించి రెండు చేతులతో గన్ను పట్టుకోవడం, నా వేళ్ళకి కుదర్లేదు, వదిలేశా.

నాకు సెట్టయింది నెక్ ఇండెక్స్ అనే పద్ధతి. టార్చి దవడ కింద ఆనించుకుంటే తల ఎటు తిరిగితే వెలుగు అటే, సైట్ల మీద కూడా వెనకనుంచి పడుతుంది. వెలుగు తల పక్కనే ఉండటం దీని మైనస్సు, అందుకే బటన్ నొక్కి చూసి వదిలేసి పక్కకి జరగమంటారు. చిన్నప్పుడు మోటారు వెయ్యడానికి నాన్నతో రాత్రిళ్ళు పొలం వెళ్ళేటప్పుడు మూడు బ్యాటరీల టార్చి మీట ముందుకు తోస్తే ఇంటికొచ్చేదాకా వెలిగేది, ఆ అలవాటు బొటనవేలికి ఇంకా పోలా, వెనక బటన్ని క్లిక్ అనేదాకా నొక్కేస్తున్నా.

ఇప్పుడు కంప్లయింటు. పన్నెండు మందికి ఒక్కడే ఇన్‌స్ట్రక్టరు. టార్చి చంకలో పెట్టుకుని మ్యాగజైన్, అంటే గన్నులో గుళ్ళుండే డబ్బా, మార్చడం, చీకట్లో అన్నిటికంటే తడబడేది అదే, దానికి ఐదు నిమిషాలు. ఫ్యాన్లు సరిగ్గా లాగట్లేదు, పొగ మీద వెలుగు పడి పొగమంచులో హెడ్‌లైట్ వేసినట్టు అయిపోయింది. ఈ ఫీజుకి ఇది అన్యాయం.

కానీ చివరి అరగంట కోసం మళ్ళీ అయినా కడతా. మనుషుల బొమ్మల టార్గెట్లు పెట్టారు, కొందరి చేతిలో గన్ను, కొందరి చేతిలో వేరేవి. వెలుగేశా, కాల్చేశా, దగ్గరికెళ్ళి చూస్తే వాడి చేతిలో ఉంది ఫోను.

గన్నుకే లైటు బిగించుకుందాం అనుకునేవాణ్ణి, కానీ దాంతో ఎవర్నన్నా చూడాలంటే గన్ను వాళ్ళ వైపే తిప్పాలి కదా. అమ్మానాన్న ఇక్కడ ఆర్నెల్లుంటారు, నాన్న రాత్రి రెండింటికి లేచి లైటెయ్యకుండా కిచెన్లోకెళ్ళి నీళ్ళు తాగొస్తారు. మర్నాడే స్ట్రీమ్‌లైట్ ప్రోట్యాక్ అని చిన్న చేతి టార్చి తీసుకున్నా, మామూలు ఏఏ బ్యాటరీ కూడా పడుతుంది, మంచం పక్కన అది ఉంటుంది, గన్ను మాత్రం సేఫ్‌లో.