సన్నిధి వీధిలో ఏడాదిన్నర: నిక్కోర్ 28 మి.మీ. ఎఫ్/2.8 ఏఐ-ఎస్ లెన్సు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి ముందు ఉదయం ఏడింటికి నిలబడితే, రెండు మీటర్ల దూరంలో గుండుకు గంధం పూసుకున్న పిల్లవాడు, అయిదు మీటర్ల దూరంలో వాడి కోసం వెతుకుతున్న అమ్మ, ఆ వెనుక రాజగోపురం ఒకే చూపులో పడతాయి. పిల్లవాడొక్కడినే స్పష్టంగా ఉంచి మిగిలినదంతా మసకబారిస్తే అది ఒక మనిషి బొమ్మ. అమ్మ కూడా స్పష్టంగా ఉంటే అది ఒక సంఘటన. ఈ తేడాను ఫోటో తీసేవాడు మీట నొక్కకముందే తేల్చుకోవాలి. అలా తేల్చుకోవడం నాకు అలవాటు చేసిన వస్తువు కనుక ఈ పాత లెన్సును గురించి వివరంగా రాస్తున్నాను.

ఇది నికాన్ కంపెనీ వారి, వెడల్పైన దృశ్యాన్ని పట్టే లెన్సు; ఆటోఫోకస్ లేదు కనుక చేత్తో రింగు తిప్పే ఫోకస్ చేయాలి. లోపల 8 కటకాలు ఉంటాయి. దగ్గరి వస్తువుల మీద ఫోకస్ చేసినప్పుడు నాణ్యత తగ్గకుండా కటకాల మధ్య ఎడం సర్దుకునే ఏర్పాటు ఉంది కనుక, 0.2 మీటర్ల దూరం వరకూ నిక్కచ్చిగా పనిచేస్తుంది. ముందు భాగానికి 52 మి.మీ. ఫిల్టరు సరిపోతుంది. నేను దీన్ని ఫుల్ ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్మంత సెన్సరు ఉన్న) కెమెరా అయిన నికాన్ డీ750కి తగిలించి వాడుతున్నాను. కెమెరా మెనూలో లెన్సు వివరాలు ఒకసారి నమోదు చేస్తే వెలుతురు కొలత సరిగా వస్తుంది, ఫోకస్ కుదిరినప్పుడు వ్యూఫైండర్‌లో ఒక చుక్క వెలుగుతుంది. వీధిలో మాత్రం ఆ చుక్క కోసం ఎదురుచూసే తీరిక ఉండదు.

ఈ లెన్సు అసలు విలువ దాని ఒంటి మీద చెక్కిన దూరాల అంకెల్లోనూ, వాటి పక్కన, వెలుతురును లోపలికి వదిలే రంధ్రమైన అపెర్చర్‌కు సంబంధించి ఇరువైపులా గీసిన రంగు గీతల్లోనూ ఉంది. ఎఫ్/ పక్కనున్న అంకె పెరిగేకొద్దీ ఆ రంధ్రం చిన్నదవుతుంది, స్పష్టంగా వచ్చే లోతు పెరుగుతుంది. ఎఫ్/8 పెట్టి, ఫోకస్ రింగును 2 మీటర్ల దగ్గర నిలిపితే, సుమారు 1.2 మీటర్ల నుంచి 5 మీటర్ల వరకూ ఉన్నదంతా స్పష్టంగా వస్తుందని కెమెరాను కంటికి ఎత్తకుండానే తెలిసిపోతుంది. మామూలుగా నడిచి వచ్చే మనిషి ఆ 4 మీటర్లను సుమారు 3 సెకన్లలో దాటేస్తాడు; ఆ 3 సెకన్లలో ఎక్కడ మీట నొక్కినా ఫోకస్ తప్పిపోదు కనుక, నా దృష్టంతా ఆ మనిషి చేతుల మీద, చూపు మీద నిలపగలుగుతాను. అదే 2 మీటర్ల దగ్గర ఎఫ్/2.8 పెడితే స్పష్టత 1.65 నుంచి 2.5 మీటర్ల మధ్యకు కుంచించుకుపోతుంది. అంటే మనిషి ఒక్క అడుగు వేసేలోగా అవకాశం చేజారుతుంది.

గాంధీ రోడ్డులో కనకాంబరాలు, మల్లెలు మూర లెక్కన అమ్మే ఒక పెద్దావిడను మొదట్లో ఎఫ్/2.8 దగ్గర తీశాను. బుట్టలోని కనకాంబరాలు రేకు రేకూ విడివిడిగా కనిపించాయి గానీ, వాటికి అర మీటరు వెనుక ఉన్న ఆమె ముఖం మెత్తబడిపోయింది. కెమెరా దించగానే ఆమె, "ఏం నాయనా, నన్ను తీస్తా ఉండావా, పూలను తీస్తా ఉండావా?" అని అడిగింది. ఆమె నవ్వుతూ అడిగినా, నా ఫోటోలో ఉన్న తప్పు సరిగ్గా అదే. మరుసటి వారం ఆమెను అడిగి, అదే చోట ఎఫ్/8 దగ్గర తీసిన ఫోటోలో మూర కొలుస్తున్న మోచేయి, పూలదండ, ఆమె ముఖం, వెనుక చిల్లర కోసం కొంగుముడి విప్పుతున్న యాత్రికురాలు అందరూ నిలిచారు. బేరం ఏమిటో ఆ ఫోటో చూసినవారికి అర్థమవుతుంది.

అయితే లోతంతా స్పష్టంగా ఉండడమే ఎల్లప్పుడూ మేలు అనలేను. తిలక్ రోడ్డు మీద ఫ్లెక్సీలు, కరెంటు తీగలు, ఆటోల వెనుక అక్షరాలు కూడా అంతే స్పష్టంగా పడి, మనిషిని మింగేస్తాయి. అక్కడ వెనుక భాగాన్ని మసకబరచే బదులు, నేను రెండు అడుగులు పక్కకు జరిగి గోడనో, నీడనో వెనుకకు తెచ్చుకుంటాను. 28 మి.మీ. లెన్సుతో రెండు మీటర్ల దూరాన ఎఫ్/2.8 వద్ద కూడా వెనుక భాగం కరిగిపోయినంత మసక రాదు. ఏముందో తెలిసీ తెలియని స్థితిలో ఆగిపోతుంది. ఆ మసకే కావాలనుకునేవారు దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపే 85 మి.మీ. లెన్సు తీసుకోవడం సబబు.

మే నెలలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఈ లెన్సు నాకు పూర్తిగా అక్కరకొచ్చింది. కుంకుమ పూసుకున్న బండ వేషం, బొగ్గు పూసుకున్న తోటి వేషం వేసినవారు గుంపులో మన భుజం తగిలేంత దగ్గరగా వస్తారు. అక్కడ ఎఫ్/11 పెట్టి రింగును 1.2 మీటర్లకు తిప్పితే 0.8 నుంచి 2.4 మీటర్ల వరకూ స్పష్టత ఉంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 250కి సెకనులో 500వ వంతు షట్టరు వేగం దొరుకుతుంది కనుక కదలిక కూడా ఆగుతుంది. చీకటి పడ్డాక ఈ సౌలభ్యం ఉండదు. దుకాణాల దీపాల కింద ఎఫ్/8 పట్టుకుని కూర్చుంటే ఐఎస్‌ఓ 6400 దాకా పోవాలి, ఫోటో గరుకెక్కుతుంది. అప్పుడు ఎఫ్/4కు దిగి, రింగును కదిలించకుండా, మనిషే ఆ దూరానికి వచ్చేదాకా ఆగుతాను.

ఒక హెచ్చరిక. లెన్సు మీది గీతలు ఫిల్ము రోజుల్లో, మామూలు సైజు ప్రింటును దృష్టిలో ఉంచుకుని లెక్కగట్టినవి. 24 మెగాపిక్సెళ్ల ఫోటోను తెర మీద పెద్దది చేసి చూస్తే ఆ గీతలు చూపే దూరాల అంచుల దగ్గర మెత్తదనం కనిపిస్తుంది. అందుకే నేను ఎఫ్/11 పెట్టినా ఎఫ్/8 గీతల మధ్య దూరాన్నే నమ్ముతాను.

ఇది పాత వస్తువు కనుక కొనేటప్పుడు జాగ్రత్త అవసరం. వేరే ఊరి దుకాణం నుంచి 15 వేల రూపాయలకు తెప్పించుకున్న నా మొదటి లెన్సులో అపెర్చర్ రేకుల మీద నూనె చేరి ఉంది. ఎఫ్/8 పెట్టినా రేకులు సమయానికి మూసుకోక ఫోటోలు తెల్లబారాయి. వెనుక నిలబడినవారు మసకబారితే, లోపం నా దూరపు అంచనాలోనే ఉందని రెండు వారాలు అనుకున్నాను. లెన్సు వెనుకనున్న చిన్న మీటను వేలితో తోసి వదిలితే రేకులు టక్కున మూసుకోవాలి. నెమ్మదిగా కదిలినా, వాటి మీద తడి మెరుపు కనిపించినా తీసుకోవద్దు.

మరొక ఇబ్బంది, 1 మీటరు దాటాక దూరాల అంకెలు ఇరుగ్గా ఉండడం. నడుస్తూ చదవడం కష్టమని నేను 2 మీటర్ల దగ్గర ఎర్రటి గోళ్ల రంగుతో చుక్క పెట్టుకున్నాను. మీరు తిరిగే వీధులు కర్నాల వీధిలా సన్నగా ఉంటే, ఆ చుక్క 1.5 మీటర్ల దగ్గర పెట్టుకోండి.