డీఐఆర్, మీసా: ఎమర్జెన్సీలో జైలుకు రెండు దారులు

ఎమర్జెన్సీలో ప్రభుత్వానికి ఎదురు మాట్లాడినవాళ్లను లోపలేయడానికి ప్రధానంగా రెండు దారులుండేవి. డీఐఆర్, అంటే భారత రక్షణ నిబంధనల కింద అయితే ఒక కేసు, నేరం పేరు, కోర్టు ఉండేవి. దొరకడం కష్టమే అయినా బెయిల్ అడగొచ్చు. ఎమర్జెన్సీ అకృత్యాలపై తర్వాత విచారణ జరిపిన షా కమిషన్ లెక్కలో ఇలా అరెస్టయినవాళ్లు 75,818 మంది.

మీసా, అంటే విచారణ లేకుండానే నిర్బంధించే అంతర్గత భద్రత చట్టానికి అదేమీ అక్కర్లేదు, కాగితం మీద కలెక్టర్ సంతకం చాలు. 1975 జూన్ నెలాఖరు సవరణతో కారణం చెప్పాల్సిన పని కూడా తప్పింది. రాత్రిపూట తలుపు తట్టి తీసుకెళ్తే ఎందుకో, ఎన్నాళ్లకో ఇంట్లోవాళ్లకు తెలియదు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు హెబియస్ కార్పస్ (అక్రమంగా నిర్బంధించారని కోర్టుకెళ్లి విడిపించమని అడిగే) దారీ మూసేసింది. ఐదుగురు జడ్జిల్లో కాదన్నది జస్టిస్ ఖన్నా ఒక్కరే.

మీసా ఖైదీలు 34,988 మంది. అంకె చిన్నదే, కానీ నన్నడిగితే ఇదే ఘోరం. డీఐఆర్‌లో కనీసం అబద్ధపు కేసైనా రాయాలి కదా! అక్కడ బెయిల్ దొరికినవాళ్లను కూడా మళ్లీ మీసా కింద లోపలేసిన సందర్భాలున్నాయి.