క్లాప్ బ్యానర్ విజయనగరంలో వేయిస్తే: గంటస్తంభం దగ్గరి ప్రింటింగ్ షాపు రివ్యూ

గంటస్తంభం దగ్గరి సందులో ఉంటుందీ షాపు. కింద ఫ్లెక్స్ మెషీను, మేడ మీద గుడ్డ మీద అచ్చు వేసే సబ్లిమేషన్ మెషీను, పక్క గదిలో కుట్టు పని. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు లివర్‌పూల్‌కి ఒకప్పటి కోచ్ యుర్గెన్ క్లాప్ బొమ్మతో బ్యానరో, టీషర్టో, టోపీయో చేయించుకోవాలనుకునే లివర్‌పూల్ అభిమానుల కోసం ఈ రివ్యూ. ముందే చెప్పేస్తే: గుడ్డ బ్యానర్‌కి నిక్షేపంగా వెళ్లొచ్చు, కానీ డిజైను చేతిలో పట్టుకుని వెళ్లాలి. టీషర్టు పర్వాలేదు. టోపీ ఇక్కడ వద్దు.

అసలు తంటా డిజైను దగ్గరే. మన దగ్గర ఫ్లెక్స్ అంటే పుట్టినరోజు, అభినందన, శ్రద్ధాంజలి. షాపు కంప్యూటర్లో ఉన్న నమూనాలూ అవే. తనంతట తాను ఉద్యోగం వదిలి వెళ్లిపోయి, హాయిగా బతికున్న ఒక జర్మన్ కోచ్‌కి 'మిమ్మల్ని మర్చిపోలేదు మాస్టారూ' అని చెప్పే బ్యానర్ వీటిలో దేనిలోనూ ఇమడదు. ఫొటో, పేరు, '2015–2024' అని రాసిచ్చి వచ్చేస్తే తయారయ్యేది ఒకటే: నవ్వు ముఖం, దాని కింద రెండు సంవత్సరాలు, మధ్యలో గీత, చుట్టూ తెల్లపూల అంచు. అది మేడ మీద కడితే వీధిలోవాళ్లు 'అయ్యో, ఏటైంది పాపం' అని ఆగి అడుగుతారు. తప్పు కుర్రాడిది కాదు. ఫొటో కింద రెండు ఏళ్లు కనిపిస్తే మన కళ్లు అలాగే చదువుతాయి.

కాబట్టి ఏళ్లను ఫొటో కింద పెట్టనివ్వకండి. పై అంచున సన్నటి పట్టీలో '2015 అక్టోబర్ 8 నుంచి 2024 మే 19 దాకా' అని రాయించండి. మొదటిది నియామకం ప్రకటించిన రోజు, రెండోది వుల్వ్స్ జట్టు మీద 2–0తో ముగిసిన ఆఖరి మ్యాచ్ రోజు. ఫొటో రంగుల్లోనే ఉండాలి. పాస్‌పోర్టు ఫొటోలా ఎదురుగా చూస్తున్న ముఖం కంటే, గెలిచాక సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో వీరాభిమానులుండే కోప్ స్టాండ్ వైపు తిరిగి పిడికిలి ఊపే భంగిమ మేలు. నడుము దాకా కనబడే బొమ్మకి ఎవరూ మనసులో దండ వేయరు. కింద వరసగా గుండ్రటి వలయాల్లో మన ముఖాలు పెట్టుకునే అలవాటు ఒక్కసారికి మానుకుంటే మంచిది. బిల్ షాంక్లీ బ్యానర్ అయితే లెక్క వేరు. 1959 నుంచి 1974 దాకా జట్టును నడిపిన ఆయన 1981లో పోయారు. నలుపు తెలుపు ఫొటో, కింద ఏళ్లు, అన్నీ ఆయనకి సరిగ్గా నప్పుతాయి. ఆన్‌ఫీల్డ్ బయట ఆయన విగ్రహం పీఠం మీద చెక్కింది కూడా ట్రోఫీల పట్టిక కాదు, జనాన్ని సంతోషపెట్టాడని ఒక్క ముక్క.

ఇక ట్రోఫీలు. షాపువాళ్లు నెట్‌లో దొరికిన క్లబ్ పోస్టరులోంచి కప్పుల బొమ్మలు కత్తిరించి పెట్టేస్తారు, అక్కడ పొరపాటు దొర్లుతుంది. లివర్‌పూల్‌కి యూరోపియన్ కప్పులు ఆరు. అందులో క్లాప్‌ది ఒక్కటే, 2019 జూన్ 1న మాడ్రిడ్‌లో టాటెన్‌హామ్ మీద 2–0తో గెలిచింది. ఇస్తాంబుల్‌లో 2005లో గెలిచినది అప్పటి కోచ్ బెనితెజ్‌ది. ఇంకా పాత కోచ్ బాబ్ పైస్లీవే మూడు. లీగ్ టైటిల్ కూడా క్లాప్ పేరు మీద ఒక్కటే: 2019–20, 99 పాయింట్లతో, 30 ఏళ్ల తర్వాత. 2025లో వచ్చినది క్లాప్ తర్వాత వచ్చిన ఆర్నె స్లాట్ ఖాతాలోది. మిగతావి: 2019 యూఈఎఫ్‌ఏ సూపర్ కప్, అదే ఏడాది క్లబ్ వరల్డ్ కప్, 2022 ఎఫ్‌ఏ కప్, 2022లో ఒకటి, 2024లో ఒకటి చొప్పున లీగ్ కప్పులు, 2022 కమ్యూనిటీ షీల్డ్. షీల్డ్‌ని లెక్కలోకి తీసుకుంటే ఎనిమిది, లేకపోతే ఏడు. ఏదో ఒకటి ముందే తేల్చుకుని కాగితం మీద రాసివ్వండి, లేకపోతే బ్యానర్ కింద నిలబడి వాదించుకోవాల్సి వస్తుంది.

అసలు కప్పుల వరస లేకపోయినా నష్టం లేదు. ఆయన మీద ప్రేమ కప్పులు లెక్కపెట్టి వచ్చింది కాదు. 2018–19లో 97 పాయింట్లు తెచ్చుకుని కూడా ఒక్క పాయింటు తేడాతో రెండో స్థానంలో ఆగిన జట్టును అభిమానులు ఈరోజుకీ తలుచుకుంటారు. 2019 మే నెలలోనే యూరోపియన్ కప్ సెమీఫైనల్ మొదటి మ్యాచ్ 0–3తో ఓడి, ఆన్‌ఫీల్డ్‌లో బార్సిలోనాని 4–0తో తిప్పికొట్టిన రాత్రి ఉంది. '4–0' అని పెద్ద అక్షరాల్లో, పక్కన పిడికిలి బొమ్మ. తెలిసినవాడికి ఇది చాలు.

ఫైలు విషయానికొద్దాం. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు బ్యానర్‌కి 100 డీపీఐ (అంగుళానికి వంద చుక్కలు) లెక్కన 7200 పిక్సెళ్లు వెడల్పు, 4800 ఎత్తు కావాలి. వాట్సాప్‌లో ఫొటోని మామూలుగా పంపితే పొడవాటి వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించేస్తుంది. ఆరడుగులకు అది 22 డీపీఐ. గడ్డం మరకలా, కళ్లజోడు ఫ్రేము మెట్లమెట్లుగా వస్తాయి. డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. ఇంకా మంచి దారి, ఫొటో బదులు రెండు మూడు రంగుల గీతబొమ్మ గీయించి వెక్టర్ ఫైలుగా ఇవ్వడం. టోపీ, కళ్లజోడు, గడ్డం గీస్తే చాలు, ఎవరో చెప్పక్కర్లేదు. ఎంత పెద్దది చేసినా చెదరదు, ఫొటో హక్కులెవరివన్న తలనొప్పీ ఉండదు. క్లబ్ చిహ్నం కూడా వద్దు. అది రిజిస్టరైన ట్రేడ్‌మార్కు. కోప్‌లో కనబడే మంచి బ్యానర్లు ఇళ్లలో గుడ్డ మీద చేసుకున్నవే, వాటికి చిహ్నంతో పని లేదు.

తెలుగు అక్షరాలు ఇంకో ఉచ్చు. షాపులో టైపింగు అంతా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో నడుస్తుంది. ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసిన 'థ్యాంక్యూ క్లాప్ మాస్టారూ'ని షాపువాళ్లు డిజైనుకి వాడే పాత కోరల్‌డ్రాలో అతికిస్తే వత్తులు విడిపోయి పక్కకి వచ్చి నిలబడతాయి. ఈ మూడు మాటల్లో 'థ్యా', 'క్యూ', 'క్లా', 'స్టా' నాలుగూ విరిగే అక్షరాలే. షాపులోనే మళ్లీ టైపు చేయించండి, లేదా ఇంట్లోనే అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటు అక్కర్లేని గీతలుగా) మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. పాత ఫొటోషాప్ వాడేవాళ్లు టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల లేఔట్ ఎంచుకోకపోతే అక్కడా ఇదే కథ. అచ్చుకి పంపే ముందు స్క్రీన్ మీద కాకుండా ఒక ఏ4 కాగితం మీద తీయించి చదవండి.

షాపు పనితనం కనబడేది మేడ మీద. బొమ్మని ముందు కాగితం మీద అచ్చు వేసి, దాన్ని గుడ్డ మీద పెట్టి వేడి ప్రెస్‌లో నొక్కుతారు. సబ్లిమేషన్ రంగు వేడికి ఆవిరై పాలిస్టర్ పోగులోకి వెళ్లి కూర్చుంటుంది, నూలుకి పట్టదు. పొందూరు ఖద్దరు మీద వేయించుకోవాలన్న ముచ్చట ఉన్నవాళ్లు ఈ మెషీనుతో ఆశ వదులుకోవాలి. నూటికి నూరు పాలిస్టర్, తెల్లది, 110 జీఎస్ఎం (చదరపు మీటరుకి 110 గ్రాముల) జెండా గుడ్డ అడగండి. ఎర్ర గుడ్డ కొనుక్కుని వెళ్లడం తరచూ జరిగే పొరపాటు. ఈ పద్ధతిలో తెల్ల సిరా ఉండదు, తెల్ల అక్షరాలంటే అచ్చు పడని గుడ్డే. అందుకే తెల్ల గుడ్డ మీద ఎరుపంతా అచ్చు వేసి, అక్షరాల చోటు ఖాళీగా వదులుతారు.

ఎరుపు దగ్గరే పేచీ వస్తుంది. ఫోన్లో మెరిసే ఎరుపు గుడ్డ మీద ఇటుక రంగులోకో నారింజలోకో జారుతుంది. ఫైలుని అచ్చు సిరాల లెక్క అయిన సీఎంవైకేలో పెట్టి మెజెంటా 100, పసుపు 100, నలుపు 10 ఇస్తే లివర్‌పూల్ ఎరుపుకి దగ్గరగా వస్తుంది. కాగితం మీద రంగు వెలిసినట్టు కనిపిస్తే కంగారు పడకండి, ప్రెస్ అయ్యాకే అసలు రంగు తేలుతుంది. 200 డిగ్రీల దగ్గర 45 నుంచి 60 సెకన్లు సరైన కొలత. వేడి తక్కువైతే రంగు పాలిపోతుంది, ఎక్కువైతే తెలుపు పసుపెక్కి ఎరుపు గోధుమవన్నెకు తిరుగుతుంది. వానాకాలంలో మన గాలిలో తేమకి గుడ్డా కాగితమూ చెమ్మ పట్టి మచ్చలు పడతాయి. అచ్చుకి ముందు ఐదు పది సెకన్లు ఉత్త గుడ్డని ప్రెస్‌లో పెట్టి ఆరబెట్టాలి. ఈ షాపువాళ్లు అడగకుండానే ఆ పని చేస్తారు, మెచ్చుకోవాల్సిన సంగతి. కాగితం కదిలితే కళ్లజోడుకి రెండో నీడ వస్తుంది, దాన్ని టేపుతో అంటించడమూ మానరు. ఒక్క లోపం: ఇరవై నాలుగు చదరపు అడుగులూ ఒకే ఎరుపైతే అడ్డంగా సన్నటి చారలు కనబడొచ్చు. ప్రింట్‌హెడ్ రంధ్రం మూసుకుంటే జరిగేది అదే. అచ్చు మొదలయ్యే ముందు నాజిల్ చెక్ కాగితం చూపించమనండి, విసుక్కోరు.

పసుపు నలుపుకి ఈ బాధ తక్కువ. 2011, 2012 బుందెస్‌లిగా (జర్మన్ లీగ్) టైటిళ్ల క్లాప్‌ని వేయించుకునే, ఆయన పాత జట్టు డార్ట్‌మండ్ అభిమానులకి అది కలిసొస్తుంది. కాకపోతే 2025 జనవరి నుంచి ఆయన ఎనర్జీ డ్రింకుల కంపెనీ రెడ్ బుల్ ఫుట్‌బాల్ విభాగంలో చేరడం జర్మనీలో చాలామందికి మింగుడుపడలేదు, ఆ బ్యానర్ మీద ఏం రాయాలో వాళ్లే తేల్చుకోవాలి.

టీషర్టుల విషయంలో షాపుకి పరిమితి ఉంది. ముక్కలుగా అచ్చు వేసి తర్వాత కుట్టే పెద్ద మెషీను వీళ్ల దగ్గర లేదు. రెడీమేడ్ తెల్ల డ్రైఫిట్ మీద ఫ్లాట్ ప్రెస్‌తో వేస్తారు, అందుకని చంకల దగ్గర, చేతి కుట్ల మడతల్లో తెల్ల గీతలు మిగులుతాయి. ఎదురు ఛాతీ మీద ఒక బొమ్మ, వీపు మీద పేరు, అంతవరకే అడగండి. నూలు టీషర్టు, హుడీ కావాలంటే డీటీఎఫ్ చేస్తారు. ఫిల్ము మీద అచ్చు, జిగురు పొడి, 150–160 డిగ్రీల్లో పదిహేను సెకన్లు, చల్లారాక ఒలిచి మరోసారి ప్రెస్. పొడి సరిగ్గా కరగకపోతే రెండు ఉతుకుల్లో అంచులు లేస్తాయి. తీసుకునేటప్పుడే అంచుని చిన్నగా లాగి చూడండి. ఉతికేటప్పుడు లోపలివైపు తిప్పి చల్లనీళ్లలో, బొమ్మ మీద నేరుగా ఇస్త్రీ పెట్టొద్దు.

వీపు మీద నంబరు ఏం వేయాలన్నది కోచ్ టీషర్టుకే వచ్చే చిక్కు. వెంగర్ అభిమానులు అదృష్టవంతులు, 49 వేసుకుంటే ఓటమి లేని 49 లీగ్ మ్యాచ్‌లని ఆర్సెనల్ వాళ్లెవరికైనా తెలుసు. ఫెర్గూసన్‌కి 13, మాంచెస్టర్ యునైటెడ్‌తో ఆయన గెలిచిన లీగ్ టైటిళ్లు అన్ని. క్లాప్‌కి 99 నప్పుతుంది, 97 ఇంకా నప్పుతుంది. ఆటగాళ్ల నంబర్ల కంటే ఇవే మన్నుతాయి. అలెగ్జాండర్-ఆర్నాల్డ్ లివర్‌పూల్ వదిలి వెళ్తున్నానని ప్రకటించాక 2025 మే నెలలో ఆన్‌ఫీల్డ్‌లోనే అతన్ని గేలి చేశారు. అతని 66 నంబరు జెర్సీ వేసుకుని బయటికెళ్లాలంటే ఇప్పుడు కాస్త ఆలోచించాలి.

టోపీ క్లాప్ గుర్తు కాబట్టి అందరూ అడుగుతారు. ఈ షాపు హీట్ ప్రెస్‌తో వేస్తుంది. ఆరు ముక్కల టోపీకి నుదుటి మధ్యలో కుట్టు ఉంటుంది, బొమ్మ సరిగ్గా అక్కడే చీలుతుంది. ముందు భాగం ఒకే ముక్కగా ఉన్న ఐదు ముక్కల టోపీ తీసుకుని ఎంబ్రాయిడరీ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. తెలుగు అక్షరాలు సెంటీమీటరు కంటే చిన్నవైతే వత్తులు దారంలో పూడుకుపోతాయి.

బ్యానర్ కుట్టు బాగుంటుంది. అంచు రెండు మడతలు, రెండు వరసల కుట్టు. పైనా కిందా రెండడుగులకొకటి చొప్పున ఇత్తడి రింగులు అడగండి, మూలలకే వేస్తే మధ్యలో వేలాడుతుంది. మేడ గాలికి కట్టేదైతే కింది అంచులో మూడంగుళాల పాకెట్ కుట్టించి అంగుళం పీవీసీ పైపు దూర్చాలి. వెనకనుంచి అక్షరాలు తిరగేసి కనబడతాయి కాబట్టి వీధికి అడ్డంగా కాకుండా గోడకి ఆనించి కట్టడమే మంచిది.

ధర: ఫ్లెక్స్ చదరపు అడుగు పది పదిహేను రూపాయల్లో అయిపోతుంది, గుడ్డకి దానికి మూడు నాలుగు రెట్లు. ఆరున్నాలుగు బ్యానర్ కుట్టు, రింగులతో వెయ్యీ పదిహేను వందల మధ్య తేలుతుంది. ఆ తేడా చెల్లించడం న్యాయమే. ఫ్లెక్స్ ట్యూబ్‌లైటు కింద మెరిసి ముఖం కనబడనివ్వదు, మడిస్తే విరుగుతుంది. గుడ్డని ఉతికి బీరువాలో పెట్టి ప్రతి మే నెలలో తీయొచ్చు.

శ్రీకాకుళం వాళ్లు ఆర్టీసీ కార్గోలో తెప్పించుకోవచ్చు, మడవకుండా గొట్టానికి చుట్టి పంపమనండి. మామూలు రోజుల్లో మూడు నాలుగు రోజుల పని. దసరా నుంచి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయ్యేదాకా మాత్రం ఆర్డరు ఇవ్వొద్దు. అప్పుడు మెషీనూ, కుట్టు మనిషీ అందరూ అమ్మవారి పనిలోనే ఉంటారు.