ఎనిమిది మందితో బ్రిడ్జి: రబ్బరా, మ్యాచ్‌పాయింట్లా, ఇంప్‌లా?

నెల్లూరు, కావలి, ఒంగోలు ఆటగాళ్ల నుంచి ఈమధ్య ఒకటే ప్రశ్న వస్తోంది. బ్రిడ్జి పేకాటకు ఎనిమిది మందిమి పోగయ్యాం, రెండు టేబుళ్లు పడుతున్నాయి, లెక్క ఏ పద్ధతిలో వేసుకోవాలి?

రబ్బరు (రెండు గేమ్‌లు ముందు గెలిచినవాళ్లతో ముగిసే పాత పద్ధతి) గురించి ఎక్కువ చెప్పను. నలుగురే ఉంటే అదే ఆడుకోవాలి. కానీ మంచి ముక్కలు పడినవాళ్లదే అక్కడ రాజ్యం. చేతిలో ఆనర్లు (ఏస్, రాజు లాంటి పెద్ద ముక్కలు) ఉన్నందుకే 100, 150 వచ్చేస్తాయి. పైగా రబ్బరు ఎప్పుడు తెగుతుందో ఎవరూ చెప్పలేరు. ఒంగోలు నుంచి పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి, సాయంత్రం అదే బండి అందుకోవాల్సినవాళ్లతో అది కుదరదు. 24 బోర్డులైతే (బోర్డు అంటే ఒకసారి పంచిన ముక్కలు, రెండు టేబుళ్లలోనూ అవే ఆడతారు) మూడు గంటల పైచిలుకులో అయిపోతాయి.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. మ్యాచ్‌పాయింట్లలో బోర్డు మీద ఎవరి స్కోరు ఎక్కువన్నదే లెక్క, ఎంత ఎక్కువన్నది కాదు. ఇంప్‌లలో ఆ తేడా ఎంతన్నదాన్ని ఒక పట్టిక ప్రకారం పాయింట్లుగా మారుస్తారు. బోర్డులు అవే, కూర్చునే తీరూ అదే, మారేది లెక్క ఒక్కటే. ఒక టేబుల్లో ఫోర్ స్పేడ్స్ (స్పేడ్స్ తురుపుగా పది ట్రిక్కులు, అంటే పట్లు, తెస్తామన్న బిడ్) సరిగ్గా పది ట్రిక్కులతో 420 తెచ్చింది, రెండో టేబుల్లో త్రీ నోట్రంప్ (తురుపు లేకుండా తొమ్మిది) ఒక ఓవర్‌ట్రిక్కుతో, అంటే చెప్పినదానికంటే ఒకటి ఎక్కువతో, 430 తెచ్చింది అనుకోండి. పది టేబుళ్లున్న చోట మిగతా ఫలితాల మధ్య ఈ తేడా సర్దుకుంటుంది. రెండే టేబుళ్లుంటే మ్యాచ్‌పాయింట్లలో ఒకరికి బోర్డు మొత్తం, ఇంకొకరికి సున్నా. స్లామ్ (పన్నెండు లేదా పదమూడు ట్రిక్కుల బిడ్) చెప్పకుండా వదిలేసినా పోయేది అంతే. ఇదేం న్యాయం?

ఇంప్‌లలో ఆ పది పాయింట్లకు విలువే లేదు. అదే వల్నరబుల్‌లో (బోనస్సులూ జరిమానాలూ పెద్దవయ్యే స్థితిలో) మీరు ఫోర్ స్పేడ్స్ చెప్పి 620 చేస్తే, అవతల టేబుల్లో అవే ముక్కలతో త్రీ దగ్గర ఆగి 170 చేశారనుకోండి. తేడా 450, అంటే 10 ఇంప్‌లు. ఒక ట్రిక్కు తగ్గి పోయినా మీకు మైనస్ 100, వాళ్లకు 140. తేడా 240, పోయేవి ఆరే. ధైర్యంగా గేమ్ (ఫోర్ స్పేడ్స్ లాంటి పెద్ద బోనస్ బిడ్) చెప్పమని లెక్కే చెబుతోంది.

అయితే ఇంప్‌ల వైపు నా మొగ్గుకు అసలు కారణం ఇది కాదు, టేబుల్ దగ్గరి మర్యాద. అవతలివాళ్లు టూ హార్ట్స్ అన్నారు. మన పెద్దాయన ముక్కలు రెండుసార్లు సర్దుకుని, పైన ఫ్యాను వంక చూసి, చివరికి పాస్ అన్నాడు. ఆయన పార్ట్‌నర్ చేతిలో ఏమీ లేకపోయినా టూ స్పేడ్స్ అనేశాడు. పార్ట్‌నర్ ఆలస్యం చూసి బిడ్ ఎంచుకోకూడదని రూల్ ఉంది. కానీ ఎనిమిది మంది ఆటలో డైరెక్టరు (తగాదా తీర్చే అంపైరు) ఎవరు? రిటైరైన హెడ్మాస్టరు గారిని పట్టుకుని ఆ మాట అనేదెవరు? మహా అయితే, ‘ఏందన్నా, అంతసేపు ఆలోచించి పాసంటే ఎట్టా?’ అని నవ్వుతూ అంటారు. కడుపులో మాత్రం ఉంచుకుంటారు.

మ్యాచ్‌పాయింట్లలో అలాంటి ఒక్క టూ స్పేడ్స్‌తో బోర్డు మొత్తం చేతులు మారొచ్చు. అవతలివాళ్లకు 110 పోవాల్సిన చోట ఒక ట్రిక్కు తగ్గి 50తో బయటపడితే, ఇంప్‌లలో ఆ తేడాకు రెండే. రెండు ఇంప్‌ల కోసం ఎవరూ మాటలు మానేయరు. టూ హార్ట్స్, టూ స్పేడ్స్ రెండూ గెలిచే కాంట్రాక్టులైతే (కాంట్రాక్టు అంటే చివరికి నిలిచిన బిడ్) తేడా ఆరు దాకా పోతుంది, కాదనను. కానీ చిన్న కాంట్రాక్టుల మీద అంత ఆత్రం అయితే ఉండదు.

ఏ లెక్కలో ఆడినా నోటితో మాత్రం బిడ్డింగ్ వద్దు. గట్టిగా ‘డబుల్!’ అంటే పెనాల్టీ (మీరు ఓడతారు అన్నట్టు), మెల్లగా అంటే టేకౌట్ (పార్ట్‌నర్‌ను బిడ్ చెప్పమన్నట్టు) అని పార్ట్‌నర్‌కే కాదు, పక్క టేబుల్‌కు కూడా తెలిసిపోతుంది. బిడ్డింగ్ బాక్సులు (బిడ్లు అచ్చువేసిన కార్డుల పెట్టెలు) 1960ల్లో స్వీడన్‌లో పుట్టాయి. బాక్సుతోనూ మాయ చేయొచ్చు: వేళ్లు పాస్ మీద, డబుల్ మీద తచ్చాడితే అదీ మాట్లాడినట్టే. ఏం చెప్పాలో తేల్చుకున్నాకే చెయ్యి పెట్టాలి. బాక్సులు దొరక్కపోతే కాగితం మీద రాసుకోండి, పని జరుగుతుంది.

మూడో టేబుల్ పడితే ఆరు జంటలకు హోవెల్ పద్ధతిలో అయిదు రౌండ్లు. ప్రతి జంటా మిగతా అన్నింటితో ఆడుతుంది. మ్యాచ్‌పాయింట్లకు అక్కడ కాస్త అర్థం వస్తుంది. అయిదు టేబుళ్లు దాటితే నేనూ అభ్యంతరం చెప్పను. అప్పటిదాకా 20 నుంచి 40 దాకా ఒకటి, 50 నుంచి 80 దాకా రెండు, 90 నుంచి 120 దాకా మూడు అంటూ సాగే ఇంప్ పట్టికను అట్టముక్క మీద రాసి టేబుల్‌కు ఒకటి పెట్టుకోండి.